ఉమ్మి పంపితే ‘దక్షిణ భారతం’ అని చెప్పారు, పైగా ఒక బీఆర్‌సీఏ భయం అంటగట్టారు

డల్లాస్_శీను
పండగ సేల్‌లో చవగ్గా వస్తున్నాయని రెండు డీఎన్‌ఏ కిట్లు కొన్నా, నాకొకటి, మా ఆవిడకొకటి. కంపెనీ పేరు ఎందుకులెండి. ట్యూబులో గీత దాకా ఉమ్మి నింపి పోస్టులో పడేశాం. నెల దాటాక రిపోర్టు వచ్చింది. నాది ‘దక్షిణ భారతం, శ్రీలంక’. ఆవిడదీ అంతే. మాది తెనాలి, వాళ్ళది పలాస. ఈ మాత్రం చెప్పడానికి ఇన్ని డాలర్లా అని నవ్వుకుని వదిలేశాం.

ఆఫీసులో ఒకడు ఊరుకోకుండా, రా డేటా ఫైలు (కిట్ చదివిన డీఎన్‌ఏ అక్షరాల జాబితా) దించుకుని ఇంకో సైట్లో ఎక్కిస్తే జబ్బులన్నీ చెప్తుందిరా అన్నాడు. ఎక్కించాం. మా ఆవిడ ఫైల్లో బీఆర్‌సీఏ1 (రొమ్ము, ఓవరీ క్యాన్సర్లతో ముడిపడ్డ జీన్) దగ్గర ఎర్ర రంగులో ‘వ్యాధికారకం’ అని వచ్చింది. వాళ్ళ వైపు క్యాన్సర్ అంటే ఒక్క పెద్దమ్మకే, అదీ డెబ్భై దాటాక. అయినా ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సయించట్లేదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే నెలకి గానీ దొరకలేదు.

అడిగేది మూడు ముక్కలు. ఇది నమ్మాలా? పలాసలో ఉన్న మా అత్తగారికీ, మరదలికీ ఇప్పుడే చెప్పాలా? ఈ కంపెనీల దగ్గర మన డేటా ఉంచొచ్చా? దివాలా వార్తలు చూశాక అనుమానంగా ఉంది.

గుంటూరు_మిర్చి
తెనాలి వాడివని నీ పోస్టు మొదటి రెండు లైన్లలోనే తెలిసిపోయింది. ఆ డాలర్లేవో నాకు పంపాల్సింది.

పైపెట్_పంతులు
మిర్చి గారూ కాస్త ఆగండి, ఆయన టెన్షన్‌లో ఉన్నాడు.

శీను గారూ, నేను హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో, మాలిక్యులర్ సెక్షన్‌లో పనిచేస్తా. ఆ రా డేటా ఫైలు జబ్బు తేల్చడానికి తయారు చేసింది కాదు. మీ కిట్‌లో చేసేది సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏని అక్షరం అక్షరం చదవడం) కాదు, చిప్. మనిషి జీనోమ్, అంటే మొత్తం డీఎన్‌ఏ, 300 కోట్ల అక్షరాలు. చిప్ అందులో ఆరేడు లక్షల చోట్ల మాత్రమే తొంగిచూస్తుంది.

తప్పు ఎక్కడ వస్తుందో చెప్తా. ఒక్కో చోటుకీ వందల శాంపిళ్ళు గ్రాఫ్ మీద చుక్కలుగా పడతాయి. మామూలుగా అవి మూడు గుంపులు కడతాయి. మార్పు లేనివాళ్ళు ఒక మూల, రెండు కాపీల్లోనూ మార్పు ఉన్నవాళ్ళు ఇంకో మూల, ఒక్క కాపీలో ఉన్నవాళ్ళు మధ్యలో. నూటికి పదిమందిలో ఉండే మార్పైతే గుంపులు చక్కగా విడిపోతాయి. ఏ లక్షకో ఒకరికి ఉండే మార్పైతే మధ్య గుంపే ఉండదు. ఒకే ఒక్క చుక్క కాస్త పక్కకి జరిగి కనబడుతుంది. అది నిజంగా మార్పా, లేక ఆ శాంపిల్ చిప్‌కి సరిగ్గా అంటుకోలేదా అన్నది సాఫ్ట్‌వేర్‌కి తెలీదు. ఏదో ఒకటి రాసి పారేస్తుంది. వేరే సైటు ఆ ఫైలు తీసుకుని ఎర్ర రంగు పూసింది, అంతే.

ఇలా రా డేటాలో కనబడ్డ మార్పుల్ని అమెరికాలో ఒక క్లినికల్ ల్యాబ్ మళ్ళీ పరీక్షించి 2018లో పేపరు వేసింది. నూటికి నలభై అసలు లేనే లేవు. చూసింది కొద్దిమందినే అనుకోండి. 2021లో బ్రిటన్ వాళ్ళు యూకే బయోబ్యాంక్ (లక్షల మంది డీఎన్‌ఏ, ఆరోగ్య వివరాల భాండారం) మీద చాలా పెద్ద ఎత్తున చూశారు. బీఆర్‌సీఏ జీన్లలో అరుదైన హానికర మార్పు ఉందని చిప్ చెప్పినప్పుడు నూటికి ఐదు సార్లు కూడా నిజం కాలేదు.

కాబట్టి కొత్త శాంపిల్ ఇచ్చి, క్లినికల్ ల్యాబ్‌లో సీక్వెన్సింగ్ చేయించండి. అది వచ్చేదాకా పలాసకి ఫోన్ చెయ్యకండి.

గుంటూరు_మిర్చి
సారీ శీనూ. వెనక్కి తీసుకుంటున్నా. తెనాలి ముక్క మాత్రం తీసుకోను.

లావణ్య_పుణె
పంతులు గారు చెప్పింది నిజం, దానికి రెండో వైపు కూడా ఉంది. నాకు బీఆర్‌సీఏ2 మార్పు ఉంది, క్లినికల్ పరీక్షలో తేలింది. మా అమ్మకి యాభై లోపే రొమ్ము క్యాన్సర్, అమ్మమ్మకి ఓవరీ. అంతకు ముందెప్పుడో మా అక్క ఇంటి కిట్ చేయించుకుంటే ‘మార్పు కనబడలేదు’ అని వచ్చింది. హమ్మయ్య అనుకుని మామోగ్రామ్ కూడా మానేసింది. నాకు పాజిటివ్ వచ్చాక తిట్టి పోసి సరైన పరీక్ష చేయిస్తే తనకీ ఉంది.

అబద్ధం చెప్పలేదు ఆ కిట్. అది చూసిన చోట్ల నిజంగానే లేదు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2018లో మొదట అనుమతి ఇచ్చింది బీఆర్‌సీఏ రెండు జీన్లలో కలిపి మూడే మూడు మార్పులు చూసే పరీక్షకి. ఆ మూడూ అష్కెనాజీ (యూరప్ మూలాల) యూదుల్లో ఎక్కువగా ఉండేవి. తర్వాత ఇంకొన్ని కలిపారు. తెలిసిన హానికర మార్పులేమో వేలల్లో ఉన్నాయి. మన కుటుంబాల్లో నడిచేది ఆ జాబితాలో లేకపోతే దానికి కనబడదు.

శీను గారూ, డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు పెద్దమ్మ సంగతి పూర్తిగా కనుక్కోండి. అమ్మ వైపా నాన్న వైపా, ఏ వయసులో, రొమ్మా ఓవరీనా, రొమ్మైతే రెండిటిలోనూ వచ్చిందా. నాన్న నుంచి కూడా బీఆర్‌సీఏ వస్తుంది. చాలామంది అమ్మ వైపే అడిగి ఊరుకుంటారు.

డల్లాస్_శీను
పెద్దమ్మ అంటే మా అత్తగారి అక్క. ఇప్పటికి నిద్ర పడుతుందేమో, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇంకో అనుమానం. ఈ పరీక్ష రికార్డులోకి ఎక్కితే ఇన్సూరెన్సు వాళ్ళు పేచీ పెడతారా?

మెట్రో_మధు
అమెరికాలో 2008 జీనా (జన్యు వివక్ష నిషేధ) చట్టం ప్రకారం హెల్త్ ఇన్సూరెన్సు వాళ్ళూ, ఉద్యోగం ఇచ్చేవాళ్ళూ జన్యు ఫలితం చూసి నిన్ను పక్కన పెట్టకూడదు. లైఫ్ ఇన్సూరెన్సు, డిజెబిలిటీ, లాంగ్ టర్మ్ కేర్ దీని కిందకి రావు. ఫారంలో అడిగితే అబద్ధం మాత్రం రాయకండి, రేపు క్లెయిమ్‌కి వెళ్ళినప్పుడు అదే పట్టుకుంటారు. టర్మ్ పాలసీ తీసుకోవాలని ముందే అనుకుని ఉంటే ఆ పనేదో ముందు చూసుకోవడం మేలని మా ఏజెంటు అంటాడు. ఏజెంటు అలాగే అంటాడనుకోండి.

ఇండియాలో విడిగా ఇలాంటి చట్టం లేదు. గుండెజబ్బు ‘జన్యుపరమైనది’ అని సాకు చెప్పి క్లెయిమ్ ఎగ్గొట్టిన కేసులో 2018లో ఢిల్లీ హైకోర్టు, అలా గంపగుత్తగా తీసేయడం చెల్లదంది.

సిద్దిపేట_సుధాకర్
శీను అన్న మొదటి ఫిర్యాదు గురించి ఎవ్వరూ మాట్లాడుతలేరు. తెనాలికీ పలాసకీ ఒకటే జవాబు ఎందుకొచ్చింది? కంపెనీ నీ డీఎన్‌ఏ జూసి మీ ఊరు కనిపెట్టది. దానికాడ ఉన్న జాబితాల ఎవరితోని కలుస్తున్నవో అది చెప్తది. జాబితాల మనోళ్ళు తక్కువుంటే జవాబు గంతే మోటుగ వస్తది. ఐర్లాండుల జిల్లా జిల్లాకు మనుషులున్నరు, గందుకే వాళ్ళకు జిల్లా దాక చెప్తరు.

ఇంకో ముచ్చట. ప్రపంచంల అందరు వాడుకునే 1000 జీనోమ్స్ ప్రాజెక్టుల 26 రకాల జనాల డీఎన్‌ఏ ఉన్నది, మొత్తం 2,504 మంది, 2015ల పూర్తయింది. అండ్ల తెలుగోళ్ళు కూడా ఉన్నరు. యాడ తీస్కున్నరో ఎరుకేనా? గుంటూరుల గాదు, వరంగల్‌ల గాదు. యూకేల! పేరే ‘యూకేలో ఉన్న తెలుగు వాళ్ళు’. గుజరాతీలను హ్యూస్టన్‌ల తీస్కున్నరు.

గుంటూరు_మిర్చి
అంటే ఎనిమిది కోట్ల మందికి లండన్‌లో వీసా దొరికినోళ్ళు ప్రతినిధులా! అందుకే నా రిపోర్టులో గోంగూర ఎక్కడా కనబడలేదు.

సిద్దిపేట_సుధాకర్
నవ్వుతున్నవ్ గానీ సైన్సుల ఆళ్ళ సాంపిల్ మస్తు పనికొచ్చింది. ఇప్పుడు మన దగ్గర జీనోమ్ ఇండియా అని పదివేల మందిది చదివిండ్రు, 2025 జనవరిల డేటా పరిశోధకులకు ఇచ్చిండ్రు. అది కిట్ కంపెనీ చేతిలకు రాదు. రావొద్దు గూడ.

కాకినాడ_కాజా
ఊరు చెప్పకపోయినా నాకు మాత్రం కిట్ వల్ల ఉపయోగం కలిగిందండి. వై హ్యాప్లోగ్రూపు (తండ్రుల వరసలో వచ్చే డీఎన్‌ఏ గుంపు) ఆర్1ఎ వచ్చింది. అంటే మా వంశం ఉత్తరాది నుంచి, ఇంకా పైనుంచి వచ్చిందని రుజువైనట్టే కదా. మా తాతగారు ఎప్పుడూ అదే చెప్పేవారు.

పైపెట్_పంతులు
కాజా గారూ, వై క్రోమోజోమ్ నాన్న, నాన్న నాన్న, ఆయన నాన్న... ఆ ఒక్క దారి. పది తరాలు వెనక్కి వెళ్తే మీకు 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. వై చెప్పేది అందులో ఒక్కడి గురించి. మిగతా 1,023 మంది ఊరుకుంటారా?

పైగా ఆర్1ఎ ఒక కులానికి పట్టా రాసిచ్చింది కాదు. నల్లమల చెంచుల్లో కూడా ఉందని 2003లోనే పేపరు వచ్చింది.

కాకినాడ_కాజా
చెంచుల్లోనా!

సిద్దిపేట_సుధాకర్
అవ్, చెంచులల్ల. మన హైదరాబాద్ సీసీఎంబీ ల్యాబ్ వాళ్ళు, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2009ల నేచర్ పత్రికల రాసిండ్రు. తంగరాజ్ గారు, లాల్జీ సింగ్ గారు, అటు డేవిడ్ రైక్. ఇండియాల దాదాపు అందరం రెండు పాత జనాల కలగలుపు. ఒకరిల ఒక పాలు ఎక్కువ, ఒకరిల ఇంకో పాలు ఎక్కువ. కలువనోడు లేడు. 2013ల ఇంకోటి రాసిండ్రు, ఈ కలయిక సుమారు 1,900 నుంచి 4,200 ఏండ్ల కింద జోరుగ నడిచింది, తర్వాత ఎవరి గుంపుల వాళ్ళు పెండ్లిళ్ళు జేసుకునుడు మొదలువెట్టిండ్రు అని. మీ తాత చెప్పింది సగం నిజం, కాని అది మీ తాతకు ఒక్కనికే గాదు.

ఓంకారం_ఎన్
ఈ పాశ్చాత్యుల పేపర్లు మనల్ని విడగొట్టడానికే. మా కులం స్వచ్ఛత గురించి మాట్లాడే అర్హత ఎవరికీ

[ఈ పోస్టులో మిగిలిన భాగం తొలగించబడింది]

అడ్మిన్_అక్క
కులం గొప్పలు, తగ్గింపులు రెండూ వద్దు. ఇంకోసారైతే థ్రెడ్‌కి తాళం.

మత్తు_డాక్టర్
అడ్మిన్ గారూ, మన్నించాలి, నేను ఒక కులం పేరు ఎత్తాల్సిందే. గొప్పకి కాదు, ఆపరేషన్ బల్ల మీద ప్రాణానికి.

నేను అనస్థీషియా డాక్టర్‌ని. గొంతులోకి గొట్టం వెయ్యడానికి కండరాలు సడలించే మందు ఒకటి ఇస్తాం, సక్సినైల్‌కోలిన్. మా థియేటర్ భాషలో స్కోలిన్. రక్తంలో ఒక ఎంజైమ్ దాన్ని అయిదు పది నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైమ్ జీన్ రెండు కాపీలూ పాడైనవాళ్ళలో అది విరగదు. ఆపరేషన్ అయిపోతుంది, కుట్లు పడతాయి, రోగి ఊపిరి మాత్రం తీసుకోడు. గంటల తరబడి. లోపల స్పృహ రావొచ్చు, చెయ్యి కదలదు. ఎంత నరకమో ఊహించండి. అందుకే నిద్రమందు కొనసాగిస్తూ, వెంటిలేటర్ మీద పెట్టి, మందు దానంతటదే దిగేదాకా కాపలా కాయడమే.

ఆంధ్ర, తెలంగాణ వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. సీసీఎంబీ, హార్వర్డ్ బృందం 2017లో నేచర్ జెనెటిక్స్‌లో రాసిన పేపర్లో దీన్ని ఉదాహరణగా చూపించారు. ఎప్పుడో కొద్దిమంది నుంచి మొదలై, తరాల తరబడి లోపల్లోపలే పెళ్ళిళ్ళు జరిగితే ఆ మొదటివాళ్ళలో ఉన్న మార్పు అందరికీ పాకుతుంది. ఇది వాళ్ళకే ప్రత్యేకం అనుకోకండి. ఆ పేపర్లో చూసిన 263 దక్షిణాసియా గుంపుల్లో 81 గుంపులకి ఇలా కొద్దిమంది నుంచి మొదలైన ప్రభావం ఫిన్లండ్ వాళ్ళకంటే, అష్కెనాజీ యూదులకంటే గట్టిగా ఉంది. అమెరికాలో అష్కెనాజీలకి పెళ్ళికి ముందే క్యారియర్ పరీక్షలు (జబ్బు లేకపోయినా పాడైన జీన్ ఒక కాపీ ఉందా అని) చేస్తారు. మన గుంపుల్లో చాలావాటికి ఏ జబ్బుకి పరీక్ష చెయ్యాలో కూడా ఇంకా తేలాల్సి ఉంది.

ఇప్పుడు చెప్పండి, ‘దక్షిణ భారతం, శ్రీలంక’ అనే రిపోర్టు నాకు ఏం పనికొస్తుంది? నాకు పనికొచ్చేది ఒక్క ప్రశ్న. ‘మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక మెలకువ ఆలస్యంగా వచ్చిందా, మిషన్ మీద పెట్టారా?’ దీనికి జవాబు మా నర్సమ్మ పైసా ఖర్చు లేకుండా రాబడుతుంది.

ప్రొద్దుటూరు_బాబు
సామీ, నూటికి నూరు పాళ్ళు నిజం. మేం వైశ్యులమే. మా మేనత్తకి సిజేరియన్ అయినప్పుడు రాత్రంతా మిషన్ మీద పెట్నారు. మా జేజి మొక్కని దేవుడు లేడు. ఇంకా ఏదో దిష్టి అనుకున్న్యారు. తర్వాత ఎప్పుడో ఇంకో డాక్టరమ్మ చెప్పింది, ఇది వంశంలో ఉంటాది అని. ఇప్పుడు మా ఇండ్లల్లో ఎవరు ఆపరేషన్‌కి పోయినా ఆ చీటీ జేబులో పెట్టుకునే పోతారు.

మత్తు_డాక్టర్
బాబు గారూ, మీవాళ్ళు చేసేదే సరైన పని. చీటీలో ‘స్కోలిన్ వద్దు’ అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాయించండి. దాని బదులు వాడే మందులున్నాయి, ముందే తెలిస్తే అసలు సమస్యే కాదు.

రిటైర్డ్_టీచరమ్మ
ఇంతమంది చదువుకున్న పిల్లలు ఉన్నారు కాబట్టి మా ఇంటి భాగోతం చెప్తాను. నాకు మా మేనమామతో పెళ్ళి చేశారు, మా అమ్మ సొంత తమ్ముడు. అప్పట్లో అది మామూలే. మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు, మా తమ్ముడి కొడుకు అట్లాంటాలో. ఇద్దరూ సరదాకి ఒకే కంపెనీ కిట్ చేయించుకున్నారు. ఆ వెబ్‌సైటు వీళ్ళిద్దరినీ చూసి ‘సవతి అన్నదమ్ములు కావచ్చు’ అన్నట్టు చూపించిందట. మా కోడలు పంజాబీ పిల్ల. అర్ధరాత్రి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, ‘మమ్మీజీ, పాపాజీకి ఇంకో ఫ్యామిలీ ఉందా?’ అని అడిగింది. ఆయన పక్కనే పడుకుని గురక పెడుతున్నారు. ఆ మనిషికి ఉన్న ఒక్క సంసారమే మొయ్యలేక చస్తుంటే!

గుంటూరు_మిర్చి
టీచరమ్మ గారూ, టీ కీబోర్డు మీద పోయింది.

పైపెట్_పంతులు
లెక్క ఇలా ఉంటుంది టీచర్ గారూ. అక్కాతమ్ముళ్ళ పిల్లలు సగటున 12.5 శాతం డీఎన్‌ఏ పంచుకుంటారు. అది మీ వైపు నుంచి. మీవారేమో మీ తమ్ముడికి కూడా మేనమామే కదా. ఆ దారిలో పిల్లలిద్దరికీ ఇంకో 6.25 శాతం కలుస్తుంది. మొత్తం 18.75. సవతి అన్నదమ్ములకి సగటు 25. ఆ సైటు లెక్క కట్టింది మేనరికాలు లేని ఇళ్ళని మనసులో పెట్టుకుని. అది తికమక పడింది, పాపం మీవారి తప్పేం లేదు.

రిటైర్డ్_టీచరమ్మ
ఈ పోస్టు ప్రింటు తీసి కోడలికి పంపిస్తాను. ఆయనకి చూపించను, గర్వం పెరుగుతుంది.

లావణ్య_పుణె
కిట్ సైట్లు చూపించే మన చుట్టాల జాబితాల్లో ‘మూడో కజిన్, నాలుగో కజిన్’ అని వందల మంది రావడం కూడా ఇందుకే. అందరం చిన్న చిన్న దారుల్లో చాలాసార్లు చుట్టాలమే. మా ఆఫీసులో చిన్నప్పుడే ఆంధ్ర నుంచి అమెరికాకి దత్తత వెళ్ళినతను ఉన్నాడు. కన్నవాళ్ళ కోసం అన్ని సైట్లలోనూ వెతుకుతున్నాడు. చుట్టాలు కుప్పలు తెప్పలుగా కనబడతారు, ఒక్కరూ దగ్గరి వాళ్ళు కారు. మెసేజ్ పెడితే ఎక్కువమంది ‘ఇదేదో మోసం’ అని బ్లాక్ చేస్తారు. మీకెవరికైనా అలాంటి మెసేజ్ వస్తే దయచేసి ఒక్క ముక్క జవాబివ్వండి.

విశాఖ_వాసు
టీచర్ గారి మాట పట్టుకుని ఒకటి అడుగుతా. మేనరికం చేసుకున్నవాళ్ళు పిల్లల్ని కనే ముందు ఈ కిట్ చేయించుకుంటే సరిపోతుందా? మాది కూడా బావా మరదళ్ళ సంబంధమే.

లావణ్య_పుణె
సరిపోదు వాసు గారూ. మీరు ఎక్కాల్సింది జెనెటిక్స్ క్లినిక్ మెట్లు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగమే ఉంది. రెండు కుటుంబాల చెట్టు గీస్తారు. చిన్నప్పుడే పోయిన పిల్లలు, పుట్టు చెవుడు, ఇలాంటివి అడుగుతారు. దాన్ని బట్టి ఇద్దరికీ ఏ పరీక్ష కావాలో చెప్తారు. తలసీమియా క్యారియరా కాదా అన్నది మామూలు రక్తపరీక్షల్లోనే తెలుస్తుంది, డీఎన్‌ఏ దాకా వెళ్ళక్కర్లేదు.

భయపడకండి కూడా. ఎవరికైనా పుట్టే బిడ్డలో లోపం ఉండే అవకాశం నూటికి రెండు మూడు. బావా మరదళ్ళైతే దాని మీద ఇంకో రెండు మూడు. ఎక్కువే, కానీ మన బంధువులు బెదిరించేంత కాదు.

గుంటూరు_మిర్చి
నా కేసు ఎవరూ పట్టించుకోవట్లేదు. నా కిట్ రిపోర్టులో ‘షుగర్ వచ్చే అవకాశం: సగటు’ అని ఉంది. నా షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీ ఏమో 8.2, అంటే షుగర్ ఉన్నట్టే. ఎవరి సగటు ఇది?

పైపెట్_పంతులు
యూరప్ వాళ్ళ సగటు. షుగర్‌కి ఒక్క జీన్ ఉండదు, వందల చోట్ల చిన్న చిన్న తూకాలు కలిపి స్కోరు కడతారు. ఆ తూకాలు తేల్చిన పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళు నూటికి 80 మంది దాకా యూరప్ మూలాల వాళ్ళే. అదే స్కోరు మనకి తగిలిస్తే గురి తప్పుతుంది. మీ నాన్నగారికి షుగర్ ఉందా?

గుంటూరు_మిర్చి
నాన్నకి, అమ్మకి, ఇద్దరు బాబాయిలకి. మా కుక్కకి తప్ప అందరికీ.

పైపెట్_పంతులు
కిట్‌కి డబ్బులు పెట్టకముందే రిపోర్టు మీ ఇంట్లో ఉందన్నమాట.

గోప్యత_గోపాల్
అన్నీ అయ్యాయి, శీను మూడో ప్రశ్న మిగిలింది. 23అండ్‌మీ అనే కిట్ కంపెనీ సంగతి అందరూ చూశారు. వాళ్ళ డేటా చోరీ 2023 అక్టోబరులో బయటపడింది. దొంగలు వేరే చోట్ల లీకైన పాస్‌వర్డులు తెచ్చి ఇక్కడ ప్రయత్నించారు. నేరుగా తెరుచుకున్న ఖాతాలు 14 వేలే. కానీ ‘బంధువుల్ని చూపించు’ అన్న సౌకర్యం ద్వారా 69 లక్షల మంది వివరాలు పోయాయి. అంటే మీ పాస్‌వర్డు గట్టిదైనా మీ నాలుగో కజిన్ పాస్‌వర్డు ‘12345’ అయితే మీరూ పోయినట్టే.

2025 మార్చిలో దివాలా రక్షణ కోరారు. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ అయితే, మీ డేటా తీసేసుకోండి, శాంపిల్ నాశనం చెయ్యమనండి అని జనానికి బహిరంగంగా చెప్పాడు. రీజెనెరాన్ అనే మందుల కంపెనీ 25.6 కోట్ల డాలర్లకి కొనబోయింది. చివరికి వ్యవస్థాపకురాలు అన్ వొజిస్కీ పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ 30.5 కోట్లకి తీసుకుంది. కోటిన్నర మంది ఉమ్మికి అదీ వేలం పాట.

శీనూ, నీది ఏ కంపెనీ అయినా సరే, సెట్టింగుల్లో వరస ఇది. ముందు రిపోర్టు దించుకో. తర్వాత పరిశోధనకి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకో. శాంపిల్ పారెయ్యమను. ఆఖర్న ఖాతా తీసెయ్. ఇప్పటికే పరిశోధనలో కలిసిపోయింది మాత్రం వెనక్కి రాదు. ఆ రెండో సైటు, ఎర్ర రంగు పూసినది, దాన్ని మర్చిపోకు. అందరూ దాన్నే మర్చిపోతారు.

మెట్రో_మధు
నాకు దాచుకునేది ఏముంది, నేనేమన్నా హంతకుణ్ణా అనేవాళ్ళు చాలామంది.

గోప్యత_గోపాల్
2018లో కాలిఫోర్నియాలో గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనే వరస హంతకుణ్ణి పట్టుకుంది డీఎన్‌ఏ సైట్లలో చుట్టాల్ని వెతికే కదా. వాడు కిట్ చేయించుకోలేదు. ఎవరో దూరపు చుట్టాలు జీఈడీమ్యాచ్ అనే చుట్టాల్ని వెతికే సైట్లో తమ ఫైళ్ళు పెట్టారు. హంతకుడు దొరికాడు, మంచిదే. కానీ నువ్వు ఉమ్మితే నీ తమ్ముడిది కూడా సగం ఇచ్చినట్టే. వాణ్ణి అడిగావా?

మెట్రో_మధు
మా తమ్ముణ్ణి అడిగితే ముందు నాకెంత ఇస్తావంటాడు.

డల్లాస్_శీను
అప్‌డేట్. డాక్టర్ కొత్తగా రక్తం తీయించి క్లినికల్ ల్యాబ్‌కి పంపారు. ఆ బీఆర్‌సీఏ1 మార్పు లేదు. అసలు లేనే లేదు. మా ఆవిడ రిపోర్టు పట్టుకుని కాసేపు ఏడ్చింది, తర్వాత ఆఫీసు మిత్రుణ్ణి భోజనానికి పిలవమంది. ఏం పెడుతుందో తెలీదు.

కానీ అదే రిపోర్టులో ఇంకో జీన్ దగ్గర ‘వీయూఎస్’ అని రాశారు. అర్థం తేలని మార్పు అట. మళ్ళీ గూగుల్ తెరిచింది.

పైపెట్_పంతులు
మూయించండి. వీయూఎస్ అంటే ‘ఇలాంటిది ఒకటి కనబడింది, మంచిదో చెడ్డదో చెప్పేంత సమాచారం మా దగ్గర లేదు’ అని. దాన్ని బట్టి ఆపరేషన్లు, మందులు, ఏమీ నిర్ణయించరు. మనవాళ్ళ రిపోర్టుల్లో ఇవి ఎక్కువ వస్తాయి, సుధాకర్ చెప్పిన కారణమే, జాబితాల్లో మనం తక్కువ. వీటిలో ఎక్కువ భాగం తర్వాత తర్వాత హాని లేనివిగా తేలతాయి. ఏడాదికో రెండేళ్ళకో, దీని హోదా ఏమైనా మారిందా అని డాక్టర్‌ని అడగండి చాలు.

లావణ్య_పుణె
చాలా సంతోషం శీను గారూ. మామోగ్రామ్ మాత్రం వయసుని బట్టి అందరూ చేయించుకునేదే, మానొద్దని చెప్పండి.

ప్రొద్దుటూరు_బాబు
మత్తు డాక్టర్ సార్, ఒగటి మర్సిపోయినా. మా తమ్మునికి హెర్నియా ఆపరేషన్ ఉంది. ఆ ఎంజైమ్ పరీక్ష పేరేంది, పరగడుపున పోవల్నా?

మత్తు_డాక్టర్
ప్లాస్మా కోలినెస్టరేజ్ అని అడగండి, కొన్ని ల్యాబుల్లో సూడోకోలినెస్టరేజ్ అంటారు. మామూలు రక్తపరీక్ష, డీఎన్‌ఏ అక్కర్లేదు. పరగడుపు అక్కర్లేదు. రిపోర్టు తీసుకుని ఆపరేషన్‌కి ముందు రోజు కాదు, ముందే వెళ్ళి అనస్థీషియా వాళ్ళకి చూపించండి. మీ మేనత్తగారి చీటీ కూడా.

కొత్తమ్మాయి_నల్గొండ
థ్రెడ్ మొత్తం చదివినాక కూడ మా అన్న కిట్ ఆర్డర్ పెట్టిండు. మా నానమ్మకు చేపిస్తడంట. ఆమె ఒప్పుకున్నది గాని నోట్లె ఎప్పుడు వక్కాకు ఉంటది. ఆ ట్యూబుల ఎర్రగ పడితె పనిచేస్తదా?

పైపెట్_పంతులు
ఉమ్మే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, నమలకూడదు. ముందు నీళ్ళతో బాగా పుక్కిలించమనండి.

కొత్తమ్మాయి_నల్గొండ
అరగంట వక్కాకు లేకుండ? మీరొచ్చి చెప్పుండ్రి ఆమెకు.